అమెరికాలో ఆదివారం రాత్రి, మిగతా లోకానికి ఎప్పుడు?



న్యూయార్క్‌లో ఆదివారం రాత్రి తొమ్మిదయితే లండన్‌లో తెల్లవారుజామున రెండు. హైదరాబాదులో సోమవారం పొద్దున్న ఆరున్నర. సిడ్నీలో అదే సోమవారం పగలు పదకొండు. ఏప్రిల్, మే నెలల లెక్క ఇది. ఈ నాలుగు ఊళ్లలో ఉన్న నలుగురు ఒకే కథని ఒకే సమయానికి చూడాలంటే ఏం కావాలి? 2011 నాటికే ఇంటర్నెట్ ఉంది, ఉపగ్రహాలు ఉన్నాయి, డబ్బిచ్చి చూస్తామనే జనమూ ఉన్నారు. అయినా ఆ పని జరగడానికి ఏళ్లు పట్టింది. ఆ ఏళ్లలోనే, లోకమంతా దొంగచాటుగా చూసే సిరీస్‌లలో మొదటిదిగా ఆ కథకు పేరొచ్చింది. ఈవేళ దాని గురించే నాలుగు మాటలు. కథ గురించి కాదు, ఆ కథ అభిమానుల దాకా చేరిన దారి గురించి.

సిరీస్ పేరు ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’. మీలో చాలామంది చూసే ఉంటారు. చూడనివాళ్ల కోసం రెండు ముక్కలు చెబుతాను. అమెరికన్ రచయిత జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ రాసిన ఈ నవలల వరుసలో మొదటిది 1996లో అచ్చయింది. వెస్టరోస్ అనే కల్పిత ఖండం, అందులో ఏడు రాజ్యాలు, అన్నిటికీ ఒకే సింహాసనం, దానికోసం తలలు నరుక్కునే వంశాలు. ఉత్తరాన మంచుగోడ అవతల చచ్చి లేచిన సైన్యం. సముద్రం దాటితే మూడు డ్రాగన్లను సాకుతున్న ఒక రాజకుమార్తె. 2011 నాటికి ఇలాంటి నవలలు అయిదు వచ్చాయి. డేవిడ్ బెనియాఫ్, డి. బి. వైస్ అనే ఇద్దరు వాటిని హెచ్‌బీవో చానల్ కోసం సిరీస్‌గా మలిచారు. 2011 ఏప్రిల్ 17న మొదలై 2019 మే 19న ముగిసింది. ఎనిమిది సీజన్లు, 73 ఎపిసోడ్లు. మన దగ్గర దీన్ని మహాభారతంతో పోల్చని వ్యాసం లేదు కాబట్టి నేను ఆ పని పెట్టుకోను.

పేరుకి అమెరికన్ సిరీస్ గానీ తీసింది ఎక్కువభాగం అమెరికా బయటే. ఉత్తర ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్‌లో, ఒకప్పుడు టైటానిక్ నౌకను కట్టిన హార్లండ్ అండ్ వుల్ఫ్ రేవు ప్రాంతంలో, ఓడల భాగాలకు రంగులు వేసే పెద్ద షెడ్డును స్టూడియోగా మార్చి సెట్లు వేశారు. మొదటి సీజన్‌లో రాజధాని నగరం కోసం మాల్టా వెళ్లారు, రెండో సీజన్ నుంచి క్రొయేషియాలోని డుబ్రోవ్‌నిక్ కోట గోడల మీదికి మారారు. మంచు కావాలంటే ఐస్‌లండ్, ఎడారి కావాలంటే మొరాకో, ఆ తర్వాత స్పెయిన్. నటుల్లో అధికులు బ్రిటన్, ఐర్లండ్‌ల వాళ్లు. ఉత్తర ఐర్లండ్ ప్రజాధనంలో కొంత కూడా ఈ నిర్మాణానికి సాయంగా వెళ్లింది.

ఇక తమాషా చూడండి. తమ వీధి చివర తీసిన సిరీస్‌ను బెల్‌ఫాస్ట్ మనిషి చూడాలంటే, స్కై సంస్థ కనెక్షన్ తీసుకుని స్కై అట్లాంటిక్ అనే చానల్ పెట్టుకోవాల్సి వచ్చేది. ఇంట్లో వర్జిన్ మీడియా కేబుల్ ఉంటే ఆ చానల్ అసలు వచ్చేది కాదు. స్కై ఉన్నా, అమెరికావాళ్లు ఆదివారం చూసింది వీళ్లు సోమవారం రాత్రి చూడాల్సి వచ్చేది. గుంపు సన్నివేశాల్లో కత్తి పట్టుకుని నిలబడ్డ స్థానికుడికైనా ఇదే రూలు.

ఎందుకిలా అంటే, సినిమా వ్యాపారం ఎరిగిన తెలుగు శ్రోతలకు ఒక్క మాటలో చెప్పొచ్చు. మన సినిమాను నిర్మాత నైజాం ఒకరికి, సీడెడ్ ఒకరికి, ఉత్తరాంధ్ర మరొకరికి, గుంటూరు, కృష్ణా, నెల్లూరు వేరేవాళ్లకు, ఓవర్సీస్ ఇంకొకరికి అమ్ముతాడు. హెచ్‌బీవో చేసిందీ అదే. దాని ఏరియాలు దేశాలు. బ్రిటన్ స్కైకి, ఆస్ట్రేలియా ఫాక్స్‌టెల్‌కి, కెనడా బెల్ మీడియాకి. కొన్నవాడు ముందుగానే పెద్ద మొత్తం చెల్లిస్తాడు, ఆ సొమ్ము ఖరీదైన నిర్మాణానికి ఆసరా అవుతుంది. అంత పోసి కొన్నవాడు తన ఏరియాలో ఇంకెవరూ ఆట వెయ్యకూడదంటాడు. ఇంటర్నెట్‌లో కూడా. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు, వ్యాపారం అన్నాక అంతే. కానీ నైజాం బయ్యర్ సినిమాను మూడు నెలలు ఆపి వేసుకుంటానంటే హైదరాబాదు ప్రేక్షకుడు ఊరుకుంటాడా? ఆస్ట్రేలియా ప్రేక్షకుడికి సరిగ్గా అదే జరిగింది.

మొదటి సీజన్ అమెరికాలో ఏప్రిల్‌లో వస్తే ఆస్ట్రేలియాలో జూలైలో వచ్చింది. అప్పటికి అమెరికాలో సీజన్ మొత్తం అయిపోయింది కూడా. కథానాయకుడనుకున్న నెడ్ స్టార్క్ తల తొమ్మిదో ఎపిసోడ్‌లో తెగిపడిన సంగతి సిడ్నీలో, మెల్‌బోర్న్‌లో ఉన్నవాళ్లకు పేపర్లోనో, అమెరికా బంధువు ద్వారానో ముందే తెలిసిపోయింది. అదే ఇంగ్లిష్ మాట్లాడే దేశం, డబ్బింగు అక్కర్లేదు, సబ్‌టైటిల్స్ అక్కర్లేదు. ఆలస్యానికి కారణం ఒక్కటే, పే చానల్ షెడ్యూలు.

తర్వాతి సీజన్లలో ఫాక్స్‌టెల్ ఆలస్యాన్ని తగ్గించుకుంటూ వచ్చింది. అయితే అప్పటికి దొంగచాటుగా చూసే అలవాటు పడిపోయింది. టొరెంట్ల మీద లెక్కలు వేసే ‘టొరెంట్‌ఫ్రీక్’ 2012లో అందరికన్నా ఎక్కువమంది పైరసీ చేసిన సిరీస్ ఇదేనంది. ఒక ఎపిసోడ్‌కి సుమారు 42 లక్షల 80 వేల డౌన్‌లోడ్‌లు. అమెరికాలో టీవీ ముందు కూర్చుని చూసినవాళ్లూ ఇంచుమించు అంతేమంది. జనాభాతో పోల్చితే ఆస్ట్రేలియా పేరు ముందు వరుసలో ఉండేది. 2013 ఏప్రిల్‌లో ఆస్ట్రేలియాలోని అమెరికా రాయబారి జెఫ్రీ బ్లైక్ స్వయంగా కలం పట్టుకుని, ఈ సిరీస్‌ను దొంగతనంగా చూడొద్దని అక్కడి జనానికి బహిరంగంగా రాశారు. ఒక దేశ రాయబారి మరో దేశ ప్రజలకు టీవీ ఎలా చూడాలో బోధించడం దౌత్య చరిత్రలో అరుదైన ఘట్టమే.

రాయబారి మాటలో న్యాయం లేకపోలేదు. ఆ ఏడాది మూడో సీజన్ ఎపిసోడ్లు ఐట్యూన్స్‌లో కూడా త్వరగానే కొనుక్కోవడానికి దొరికాయి. దొరుకుతుండగా దొంగిలించినవాడికి సాకు లేదు. కానీ ఆ తలుపు ఒక్క ఏడాదే తెరిచి ఉంది. 2014లో నాలుగో సీజన్‌కి ఫాక్స్‌టెల్ గుత్త హక్కులు తీసుకుంది. సీజన్ మొత్తం పూర్తయ్యేదాకా ఐట్యూన్స్‌లో రాకూడదని ఒప్పందం. నిరుడు ఎపిసోడ్‌కి ఇంతని డబ్బు కట్టి, నిజాయితీగా చూసిన మనిషి ఈ ఏడాది ఒక్క సిరీస్ కోసం చానళ్ల ప్యాకేజీ మొత్తం కొనాలి, లేదా రెండు నెలలకు పైగా చెవులు మూసుకుని కూర్చోవాలి. పైరసీ చేసినవాడికి మాత్రం ఏమీ మారలేదు. ఈ మొత్తం వ్యవహారంలో నాకు బాధనిపించేది ఇక్కడే. శిక్ష పడింది డబ్బు కట్టినవాడికి.

అక్కడి పార్లమెంటు కూడా రెండు నాల్కలతో మాట్లాడింది. 2013 జూలైలో ఒక పార్లమెంటరీ కమిటీ, సాఫ్ట్‌వేరుకీ, పాటలకీ, సినిమాలకీ ఆస్ట్రేలియన్ల దగ్గర ఎక్కువ ధర ఎందుకు గుంజుతున్నారని విచారించి, దేశాల సరిహద్దు పెట్టి అమ్మే ఇంటర్నెట్ అడ్డుగోడలను దాటుకునే హక్కు వినియోగదారుడికి ఉందని స్పష్టం చెయ్యమంది. 2015 జూన్‌లో అదే పార్లమెంటు, పైరసీ సైట్లను కోర్టు ద్వారా మూయించే చట్టం చేసింది. గోడ దూకడం నీ హక్కు అని ఒకసారి, దూకే సందుకు తాళం వేస్తామని ఒకసారి.

మరి సిరీస్ తీసినవాళ్లు ఏమన్నారు? ఏడ్చారా? లేదు. పైరసీ ఒక రకంగా మెచ్చుకోలే అన్నట్టు హెచ్‌బీవో ప్రోగ్రాముల అధిపతి మైకేల్ లొంబార్డో 2013లో మాట్లాడారు. అదే ఏడాది ఆగస్టులో, మాతృసంస్థ టైమ్ వార్నర్ అధినేత జెఫ్ బ్యూక్స్ ఇంకో అడుగు ముందుకేసి, అత్యధిక పైరసీ అనేది ఎమ్మీ అవార్డు కన్నా మేలన్న అర్థంలో చెప్పారు. ఒక పక్క రాయబారి నీతి చెబుతుంటే మరో పక్క యజమాని మీసం దువ్వుకున్నాడన్నమాట. దానికి కారణముంది. హెచ్‌బీవోకి అసలు ఆదాయం అమెరికన్ కేబుల్ కంపెనీల నుంచి వచ్చేది. దొంగచాటుగా చూసి మోజు పెంచుకున్నవాడు ఎప్పటికైనా కనెక్షన్ తీసుకుంటాడని వాళ్ల ధీమా.

ఆ కేబుల్ కంపెనీల మొహమాటం వల్లే అమెరికాలో కూడా 2015 దాకా కేబుల్ లేనివాడికి హెచ్‌బీవో విడిగా దొరికేది కాదు. మా డబ్బు తీసుకోండి మహాప్రభో అని 2012లో అక్కడి అభిమానులు ఒక ప్రచారమే నడిపారు. నెలకు తాము ఎంత కట్టగలమో అంకెలు కూడా చెప్పారు. అదే 2012 చివర స్వీడన్, నార్వే, డెన్మార్క్, ఫిన్లండ్‌లలో హెచ్‌బీవో నార్డిక్ అని కేబుల్‌తో పని లేని ఇంటర్నెట్ సర్వీసు మొదలైంది. సొంత దేశంలో అడిగినా దొరకనిది స్టాక్‌హోమ్‌లో దొరికింది. అక్కడ కాపాడుకోవలసిన పాత కేబుల్ బేరం లేదు కాబట్టి.

ఇప్పుడు పుస్తకాల సంగతికి వస్తాను. అభిమానుల తొందర ఎందుకు పెరిగిందో తెలియాలంటే నవలలను పక్కన పెట్టలేం. మొదటి నాలుగు సీజన్లలో రెండు జాతుల ప్రేక్షకులు ఉండేవారు. నవలలు చదివినవాళ్లు, చదవనివాళ్లు. 2013 జూన్ 2న ప్రసారమైన పెళ్లి విందులో నెడ్ కొడుకు రాబ్ స్టార్క్‌ను, అతని తల్లిని చంపినప్పుడు చదవనివాళ్లు గుండెలు బాదుకున్నారు. చదివినవాళ్లకు ఆ హత్యాకాండ 2000 సంవత్సరం నుంచే తెలుసు, మూడో నవలలో ఉంది. వాళ్లకు ఎపిసోడ్ ఒక వారం ఆలస్యమైనా కొంపలు మునగవు. భారతదేశంలోనో, బ్రెజిల్‌లోనో ఉన్న పాఠకుడికి పుస్తకమే రక్షణ కవచం.

2015లో ఆ కవచం పగిలింది. అయిదో సీజన్ చివర ముఖ్యపాత్రల్లో ఒకడైన జాన్ స్నో కత్తిపోట్లతో మంచులో పడిపోయాడు. అయిదో నవల కూడా అక్కడే అతన్ని వదిలేసింది. ఆరో నవల సిరీస్ కన్నా ముందు రాలేదు. బతుకుతాడా లేదా అన్నది చదివినవాడికీ తెలియదు, చదవనివాడికీ తెలియదు. అందరూ ఒకే వరుసలో నిలబడ్డారు. అప్పటినుంచి ఆలస్యమంటే కథను పోగొట్టుకోవడమే. నిద్ర లేచి ఫోన్ చేతిలోకి తీసుకునేలోపు జవాబు కళ్లబడుతుంది. నవలలు ఆగిపోవడమే హెచ్‌బీవో చేత లోకమంతా ఒకే గడియారం పెట్టించిందని నేను అనడం లేదు. అయిదో సీజన్‌కే 170కి పైగా దేశాల్లో అమెరికాతో పాటే ప్రసారమని ప్రకటించేశారు, అది పైరసీని తగ్గించాలని చేసిన పని. కానీ ఆ ఏర్పాటు విలువ అభిమానికి తెలిసొచ్చింది మాత్రం జాన్ స్నో పడిపోయాకే.

ఆ 2015 ఏప్రిల్ నెల చిత్రమైనది. అమెరికాలో కేబుల్ లేకుండా హెచ్‌బీవో చూసే సర్వీసు నెలకు దాదాపు 15 డాలర్లకు వచ్చింది. బ్రిటన్ స్కైలో తెల్లవారుజామున రెండింటికే ప్రసారం మొదలైంది. అన్ని తలుపులూ ఒకేసారి తెరవబోతున్నాయనగా, సరిగ్గా ముందురోజు, పది ఎపిసోడ్లలో మొదటి నాలుగు ఇంటర్నెట్‌కి ఎక్కేశాయి. విమర్శకులకు ముందుగా పంపిన కాపీల్లోంచి కారినవి. మరుసటి ఏడాది హెచ్‌బీవో విమర్శకులకు ముందస్తు కాపీలు పంపడమే మానేసింది. ఇంకో పక్క, కెనడాలోనో, ఆస్ట్రేలియాలోనో ఉండి వీపీఎన్ పెట్టుకుని, అమెరికన్‌లా నటిస్తూ ఆ 15 డాలర్లు కట్టినవాళ్లకు సర్వీసు కోసేస్తామని హెచ్చరికలు వెళ్లాయి. ఆ అభిమాని చేసిన నేరం డబ్బు కట్టడం. కాకపోతే వేరే దేశపు గల్లాపెట్టెలో కట్టాడు.

మన దేశానికి వద్దాం. మొదట్లో ఇక్కడ ఇంగ్లిష్ చానళ్లలో కత్తెర పడి వచ్చేది. నగ్నత్వం, నెత్తురు, బూతు తీసేస్తే ఈ సిరీస్‌లో కొన్ని ఎపిసోడ్లు వార్తల బులెటినంత మిగులుతాయి. మాటల మధ్య మనుషులు మాయమయ్యేవారు. అందుకే మన సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ల హార్డ్‌డిస్కుల్లో ఇది చేతులు మారింది. 2016 ఏప్రిల్‌లో హాట్‌స్టార్ నెలకు 199 రూపాయలకు ప్రీమియం చందా పెట్టి, ఆరో సీజన్‌ను కత్తెర లేకుండా, అమెరికాతో సమానంగా ఇచ్చింది. సోమవారం పొద్దున్న ఆరున్నర. హైదరాబాదులో ఆఫీసు బస్సు ఎక్కేలోపు చూసెయ్యొచ్చు. ఆదివారం రాత్రి డాలస్‌లో అన్న, సోమవారం పొద్దున్న మాదాపూర్‌లో తమ్ముడు ఒకే సన్నివేశానికి ఒకేసారి ఉలిక్కిపడొచ్చు. డాలస్‌లో అప్పుడు రాత్రి ఎనిమిదే, ఫోన్ చేసుకోవడానికీ వేళే.

ఇంత సౌకర్యం వచ్చాక మన దేశమే లీకుకి పుట్టిల్లయింది. 2017 ఆగస్టులో ఏడో సీజన్ నాలుగో ఎపిసోడ్ ప్రసారానికి రెండు రోజుల ముందే బయటికొచ్చింది. దాని మీద హాట్‌స్టార్ యజమాని స్టార్ ఇండియా ముద్ర ఉంది. ఆ సంస్థకు సాంకేతిక సేవలందించే ముంబయి కంపెనీలో పనిచేస్తున్నవాళ్లనీ, మానేసినవాళ్లనీ మొత్తం నలుగురిని మహారాష్ట్ర పోలీసులు అరెస్టు చేశారు. పోలీసులు ముంబయిలో ఆ పనిలో ఉండగానే ఆరో ఎపిసోడ్‌ను స్పెయిన్‌లోని హెచ్‌బీవో తనంతట తానే పొరపాటున ముందుగా ప్రసారం చేసేసింది. అక్కడ ఎవర్ని అరెస్టు చెయ్యాలి?

చైనాలో కథ ఇంకో మలుపు తిరిగింది. 2019 మే 20న అక్కడి టెన్సెంట్‌లో చివరి ఎపిసోడ్ రావలసిన వేళకు రాలేదు. పంపిణీలో సాంకేతిక సమస్య అని టెన్సెంట్ చెప్పింది. మా వైపు నుంచి అలాంటి సమస్యేమీ లేదు, ఇది అమెరికా, చైనాల వాణిజ్య తగాదా ప్రభావమని హెచ్‌బీవో వైపు నుంచి వచ్చింది. ఏళ్ల తరబడి కత్తిరింపులతో సహా ఓపిగ్గా చూసిన ప్రేక్షకుడికి ఆఖరి ఘట్టం సుంకాల గొడవలో చిక్కుకుపోయింది.

తలుపులు తెరిచాక పైరసీ ఆగిందా అని మీరు అడగొచ్చు. ఆగలేదు. 2015లో కూడా అదే మొదటి స్థానం, ఒక ఎపిసోడ్‌కి టొరెంట్‌ఫ్రీక్ అంచనా 1 కోటీ 44 లక్షలు. దొరకకపోవడం వల్లే దొంగతనం అన్న వాదన అక్కడ కొంచెం కుంటుతుంది. ధర ఉంది, అలవాటు ఉంది, ఊరికే వస్తుంటే కొనేదేమిటన్న మనస్తత్వమూ ఉంది. తెలుగువాళ్లకు దీని మీద ఉపన్యాసం అక్కర్లేదు. నా మట్టుకు నేను ఒక గీత గీస్తాను. కొనడానికి దొరికినప్పుడు దొంగిలించినవాడు వేరు, కొంటానని గల్లాపెట్టె దగ్గర నిలబడితే నీ ఊరివాళ్లకు అమ్మం పొమ్మనిపించుకున్నవాడు వేరు. ఈ ఇద్దరినీ ఒకే లెక్కలో కలిపి పైరసీ అంకెలు చెప్పడం మాత్రం నాకు సమ్మతం కాదు.

మనం ఎప్పుడూ తీసుకునే పక్కనే లేం. 2022లో ‘ఆర్ఆర్ఆర్’ విషయంలో ఇచ్చే పక్కకు వెళ్లాం. మే 20న నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది హిందీ డబ్బింగు. తెలుగు జీ5లో ఉంది. అమెరికాలో, బ్రిటన్‌లో ఎంతోమంది కొత్త అభిమానులు ఈ సినిమాను ముందుగా చూసింది హిందీలోనే. హక్కులు భాషలవారీగా అమ్ముడైపోయాయి మరి. అమెరికాలో కొందరు పంపిణీదారులు జూన్ 1న సినిమాను మళ్లీ థియేటర్లకు తెచ్చినప్పుడు అక్కడివాళ్లకు ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్‌తో అసలు తెలుగు వినపడింది. టికెట్టు కొనడానికి వాళ్లు వెనకాడలేదు. ‘నాటు నాటు’కి ఆస్కార్ వచ్చిన రోజుకీ నెట్‌ఫ్లిక్స్‌లో ఆ పాట హిందీలోనే ఉంది. బెల్‌ఫాస్ట్ మనిషిని చూసి నవ్వుకున్న మనం ఇది కూడా గుర్తు పెట్టుకోవాలి.

ఇక ఇప్పటి స్థితి. హెచ్‌బీవో చానల్ 2020 డిసెంబరులో మన దేశంలో మూతపడింది. ఈ కథకే ముందు తరాల గాథ ‘హౌస్ ఆఫ్ ది డ్రాగన్’ మొదటి సీజన్ 2022లో డిస్నీ ప్లస్ హాట్‌స్టార్‌లో వచ్చింది. 2023 మార్చి 31తో హెచ్‌బీవో సరుకంతా అక్కడి నుంచి వెళ్లిపోయింది. కొన్ని వారాలపాటు భారతదేశంలో చందా కట్టి గేమ్ ఆఫ్ థ్రోన్స్ చూసే చోటే లేకుండా పోయింది. ఆ తర్వాత జియో సినిమాకి వెళ్లింది. ‘హౌస్ ఆఫ్ ది డ్రాగన్’ రెండో సీజన్ 2024లో అక్కడ. 2025 ఫిబ్రవరిలో హాట్‌స్టార్, జియో సినిమా రెండూ కలిసి జియో హాట్‌స్టార్ అయ్యాయి. ఆస్ట్రేలియాలో 2025 మార్చి 31న హెచ్‌బీవో యజమానులే సొంతంగా మ్యాక్స్ సర్వీసు తెరిచారు, మధ్యలో ఫాక్స్‌టెల్ అక్కర్లేదు. మొదటి ఎపిసోడ్ కోసం మూడు నెలలు ఆగిన సిడ్నీ అభిమాని పద్నాలుగేళ్లకు నేరుగా దుకాణదారుకే డబ్బు కడుతున్నాడు.